చుక్కల గీతతో చెప్పవలసిన సాక్ష్యం

కొలవకుండానే ఎరిగిన దేవునికి స్తోత్రం. నేల లోపల బొగ్గు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో బోరు దించకుండా తెలిసినవానికి, ఎముక వెనక చీకట్లో ఏముందో చూసేవానికి, మనం పలికే మాటల్లో చూసి అన్నదేదో ఊహించి అన్నదేదో వేరు చేసి వినేవానికి మహిమ కలుగును గాక. నేను కొలిచి బతికినవాణ్ణి. కొలవని చోట నిబ్బరంగా మాట్లాడి తప్పు చేసినవాణ్ణి. ఆ సంగతి రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఎనభైల మొదట్లో గోదావరిఖనిలో ఒక గని సర్వే ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. గని మ్యాపులను ట్రేసింగ్ క్లాత్ మీద నల్ల సిరాతో ఎత్తిరాయడం నా పని. బొగ్గు పొర ఎంత లోతున ఉందో తెలుసుకోవడానికి అక్కడక్కడ బోర్లు వేసేవాళ్లు. ఒక బోరులో పొర నూరు మీటర్ల లోతున తగిలి, ఇంకో బోరులో నూట ఇరవై దగ్గర తగిలితే, రెండింటి నడుమ ఎక్కడో నూట పది ఉంటుందని లెక్కగట్టి గీత గీయాలి. దాన్ని ఇంటర్‌పొలేషన్ అనేవాళ్లం. తెలిసిన రెండు చోట్ల సాయంతో తెలియని చోటును నింపడం, అంతే.

చేరిన కొత్తలో నేనొక మ్యాపు చాలా అందంగా గీశాను. బోరుకూ బోరుకూ నడుమ గీతలన్నీ ఎక్కడా తెగకుండా, వంపు తిరిగిన చోట కూడా సిరా వెడల్పు మారకుండా. పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ గారు అద్దాలు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశారు. మెచ్చుకుంటారనుకున్నాను.

"ఈ రెండు బోర్ల నడుమ నువ్వు దిగి చూసినవా?"

"లేదు సార్. లెక్క కట్టిన."

"లెక్క కడితే చుక్కలు పెట్టాలె. చూసింది నిండు గీత. లెక్క కట్టింది చుక్కల గీత. నడుమ పొర విరిగి జారిపోయి ఉంటె నీకెట్ల ఎరుక? అందంగున్నదని కలిపినవు. నీ అందం నమ్మి కింద మనిషి దిగుతడు బిడ్డా."

బ్లేడు తీసుకుని నా గీతను ఆయనే గీకేశారు. గీకిన చోట గుడ్డ గరుకెక్కింది. దాని మీద నాతో చుక్కలు పెట్టించారు. ఆ తర్వాత పదేళ్లకు పైగా, చూడనిదాన్ని నేను నిండు గీతతో గీయలేదు. మ్యాపు మీద మాత్రం.

తొంభైల నడుమ మా ఇంటామెకు కుడి చెవిలో మోత మొదలైంది. దూరంగా ఎవరింట్లోనో కుక్కరు ఈల వేస్తూ ఆగనట్టుందని చెప్పింది. మాకు పిల్లలు లేరు. ఆమెకున్న ఆస్తి గొంతు. మా ప్రార్థన మందిరంలో ఆడవాళ్ల వైపు పాట ఎత్తేది ఆమే. హార్మోనియం శృతి తప్పినా ఆమె తప్పేది కాదు. కంపెనీ దవాఖాన డాక్టరు పరీక్ష చేసి, ఒక్క చెవిలోనే వినికిడి తగ్గుతోంది, చెవి నరం మీద ఏమైనా పెరుగుతోందేమో చూడాలని హైదరాబాదుకు కాగితం రాశారు. రామగుండంలో రైలెక్కాం.

ఎం.ఆర్.ఐ. అనే యంత్రాన్ని అప్పుడే మొదటిసారి చూశాను. సన్నని సొరంగం లాంటిది. ఆమె కమ్మలు, గాజులు తీసి నా రుమాల్లో పెట్టింది.

"గంతసేపు కదలకుండ పండుకోవాలెనంట. ఊపిరన్న తీస్కోవచ్చునా?" అని ఆపరేటరును అడిగింది. మీసాలు నెరిసిన మనిషి.

"ఊపిరి తీస్కో అమ్మా. మాటలు మాత్రం బంద్."

"మాటలు బంద్ చేసుడు ఈయనకు కష్టం గాని, నాకేంది" అని నా వైపు చూసి నవ్వి లోపలికి పోయింది. తలుపు మూశాక డ్రిల్లు కొడుతున్నట్టు చప్పుడు. రుమాలు మూట పట్టుకుని బయట కూర్చుని ప్రార్థన చేశాను. అంత దగ్గరగా ఉండి కూడా ఆమె అంత దూరంగా ఎప్పుడూ అనిపించలేదు.

అయిపోయాక ఆపరేటరును బతిమిలాడి తెర చూశాను. మొదట కనబడిన బొమ్మ గళ్ల కాగితం మీద బూడిద రంగులు నింపినట్టుంది. గళ్లు గళ్లుగా, మొరటుగా. "ఆగన్నా" అని ఆయన ఒక మీట నొక్కాడు. గళ్లు కరిగిపోయాయి. అంచులు తేలాయి, మెదడు మడతలు నున్నగా కనిపించాయి. కళ్లజోడు పెట్టుకున్నట్టయింది.

"ఏం చేసిన్రు?"

"ఏం లేదు. తలను బ్రెడ్డు కోసినట్టు ముక్కలు ముక్కలుగ తీస్తది మిషను. ఒక్కొక్క ముక్కల కొన్ని చుక్కలే ఉంటయి. చుక్కకూ చుక్కకూ నడుమ కొత్త చుక్కలు కంప్యూటరు లెక్కగట్టి నింపుతది."

"మరి ముక్కకూ ముక్కకూ నడుమ?"

"కొంత జాగ వదిలేస్తది. అది గూడ అటు ఇటు చూసి నింపుతది."

"మా ఆఫీసుల మేం చేసేది గూడ ఇదే" అన్నాను.

"అయితె నువ్వు గూడ కంప్యూటరే" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తెర మీద చుక్కల గీత అనేది లేదు. యంత్రం కొలిచిందీ లెక్కగట్టి నింపిందీ ఒకే బూడిద రంగులో ఒకే నునుపుతో ఉన్నాయి. అది నేను గమనించాను. గమనించి కూడా ఆ నునుపునే చూస్తూ, "దేవా, నీకు స్తోత్రం" అన్నాను. ఎందుకంటే అందులో ఏ గడ్డా కనబడలేదు.

మరునాడు ఇచ్చిన రిపోర్టు కూడా గడ్డ అని చెప్పదగ్గదేదీ కనబడలేదనే చెప్పింది. కింద ఇంకో వాక్యం ఉంది. బాధ తగ్గకపోతే చెవి నరం దగ్గర పలుచని ముక్కలతో మళ్లీ తీయించమని. తిరుగు రైల్లో ఆ వాక్యం చదివాను. ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. రిపోర్టు మడిచి నా బైబిలు జిప్పు సంచిలో పెట్టాను. ఆమెకు ఇంగ్లీషు రాదు.

ఆ ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పాను. అంత పెద్ద యంత్రం లోపలంతా వెతికి ఏమీ లేదని ఒప్పుకుందని, దేవుడు స్వస్థపరచాడని. రేకుల కప్పు కింద అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరు అయ్యగారు ప్రసంగంలో నా మాట ఎత్తారు. ఆ తర్వాత ఏ క్వార్టర్లో ప్రార్థన కూటం పెట్టినా నన్ను పిలిచేవాళ్లు. చెప్పిన ప్రతిసారీ సాక్ష్యం ఇంకొంచెం నున్నబడింది.

ఆమె మాత్రం తగ్గుతూ వచ్చింది. కుడి పక్కన నడుస్తూ నేనేదైనా అంటే బదులొచ్చేది కాదు. "నీ మంచి మాటలన్ని చెడ్డ చెవులనే చెప్తవు" అని నవ్వి నన్ను ఎడమ పక్కకు లాక్కునేది. చీకటి పడ్డాక గోడ పట్టుకుని నడిచేది. పాట ఎత్తడం మానేసి, ఎవరో ఎత్తాక పెదవులు కదిపేది. అడిగితే గొంతు బాగాలేదనేది. మేమిద్దరం ఒక క్వార్టర్లో రెండు గదుల్లో, ఎవరి మౌనం వాళ్లం మోసుకుంటూ ఏడాదికి పైగా బతికాం.

ఒక మధ్యాహ్నం మార్కెట్టు దగ్గర రోడ్డు దాటుతుంటే కుడి వైపు నుంచి బొగ్గు లారీ హారన్ కొడుతూ వచ్చింది. ఆమె అడుగు ఆపలేదు. సోడా బండి మనిషి రెక్క పట్టి గుంజాడు. ఇంటికి తెచ్చి మంచినీళ్లిచ్చి అడిగాను.

"అస్సలు ఇనవడుతలేదా?"

"ఆ చెవి పోయి చాన రోజులాయె."

"మరి చెప్పకపోతివి?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎట్ల చెప్పాలె? గంతమంది ముంగట సాక్ష్యం చెప్తివి. నేను చెవి పోయిందంటె నీ మాట ఏమైతది, దేవుని మాట ఏమైతది?"

లేచి బైబిలు సంచి జిప్పు తీశాను. రిపోర్టులోని కింది వాక్యం తెలుగులో చదివి చెప్పాను. ఆమె కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుంది.

"గిది అప్పుడే ఉండెనా?"

"ఉండె."

ఆ తర్వాత ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే తోడుగా ఉండేది.

రెండోసారి పలుచని ముక్కలతో, దగ్గర దగ్గరగా తీశారు. నరం పక్కన ఉసిరికాయంత గడ్డ. మొదట తీసిన రోజున చిన్నగా ఉండి రెండు ముక్కల నడుమ జాగలో దాగి ఉండవచ్చని డాక్టరు అన్నారు. అప్పుడే మళ్లీ తీయించి ఉంటే వినికిడి కొంత మిగిలేదేమో అని కూడా అన్నారు. ఈసారి కూడా కంప్యూటరు నడుమ చుక్కలు నింపింది. గడ్డ అంచు ఎక్కడ ఆగిందో, మొహం నరం ఏ వైపు ఒత్తుకుపోయిందో ఆ నునుపులోనే డాక్టరు చూపించారు. నింపడంలో తప్పు లేదు. కొలతలు దగ్గరగా ఉంటే అది కన్నుకు సాయం. దూరంగా ఉంటే అది అందం, అంతే.

ఆపరేషన్‌కు ముందు సంఘం ప్రార్థన అడగాలి. అడగాలంటే నా సాక్ష్యం నేనే చెరపాలి. ఆదివారం ఆరాధనకు ముందు సంఘ పెద్దకు చెప్పాను. ఆయన గనిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేసి రిటైరైన మనిషి.

"తమ్ముడు, దేవునికిచ్చిన సాక్ష్యం వాపస్ తీసుకునుడు నేనైతె ఏడ సూడలే. బయటోళ్లు నవ్వరా?"

"నవ్వనీ అన్న. దేవుడు నాకు చెప్పని మాట చెప్పిండని నేను చెప్పిన. ఆమె చెవి పోయింది."

అయ్యగారు వింటున్నారు. "చెప్పనివ్వండి" అన్నారు.

నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. రిపోర్టులో వాక్యం చదివి దాచానని, చుక్కలతో గీయవలసినదాన్ని నిండు గీతతో గీశానని. ఎవరూ ఆమెన్ అనలేదు. పైన రేకు వేడికి టక్కుమంది. ఆడవాళ్ల వైపు ఆమె ఎడమ చెవి నా వైపు తిప్పి కూర్చుని ఉంది. ఆ తర్వాత అయ్యగారొక్కరే ప్రార్థన చేశారు.

ఆపరేషన్ రోజున వరండాలో నేనొక్కణ్ణే ఉన్నాను. గడ్డ పోయింది, ప్రాణం నిలిచింది, చెవి రాలేదు. మొహం కుడి సగం జారింది. వారానికి సంఘ పెద్ద నాలుగు బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. పోయేముందు చెప్పులేసుకుంటూ, "నావి గూడ రెండు సాక్ష్యాలున్నయి తమ్ముడు, చుక్కలు పెట్టాల్సినయి" అన్నాడు.

నన్ను కూటాలకు పిలవడం మానేశారు. ఆమె మళ్లీ పాట ఎత్తలేదు. మందిరంలో వెనక వరసలో కూర్చుంటాను, బయటికి వచ్చాక ఆమె ఎడమ పక్కన నడుస్తాను.

తెల్లవారుజామున లేచి గొంతెత్తి ప్రార్థన చేసుకోవడం నాకు అలవాటు. అప్పటికి ఆమె మంచి చెవిని దిండుకు ఆనించి పడుకుని ఉంటుంది. ఏమీ వినబడదు. ఒకప్పుడు నిద్రలోనే నా వెనక ఆమెన్ అనేది. ఇప్పుడా గదిలో నాది ఒక్క గొంతే. ఇద్దరు కూడితే దేవుడు నడుమ ఉంటాడని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాణ్ణి. అందుకే చదువుతున్న మిమ్మల్ని రెండోవారిగా అడుగుతున్నాను. ఆమె చెవిలో ఇంకా ఆగని ఆ మోత ఆగాలని నాతో కలిసి అడగండి. ఆగుతుందని నేను చెప్పను, నాకు తెలియదు. నేను దాచిన వాక్యాన్ని ఆమె క్షమించిందో లేదో కూడా తెలియదు. క్షమించాలని అడగండి. మీరున్న చోటే ఉండి, మెల్లగానైనా సరే, ఆమెన్ అనండి.