చేతులు కడుక్కోని అమ్మాయి

నల్లపాడు దగ్గర నేను నడిపే సాయంత్రపు ట్యూషన్‌లో కొత్త పిల్లలు చేరినప్పుడల్లా ఒక కథ చెప్పేవాణ్ని. చేతులు కడుక్కోమంటే వినని అమ్మాయి కథ. అది అబద్ధం. జరిగింది ఇదీ.

మా పక్కనే పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను అద్దెకిచ్చే ఆయన ఉంటాడు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, గుర్రాలకు పనుండదు. ఏ రోజు లెక్కలు ఆ రోజు తప్పు లేకుండా చేసినవాళ్లకు గుర్రం మీద ఒక చుట్టు అని ఇద్దరం అనుకున్నాం. మా పిల్లలు చాలామంది తల్లులతోపాటు మిరపకాయల తొడిమలు తీసి వచ్చేవాళ్లే. అందుకని ఆయన షరతు ఒక్కటే: సబ్బుతో చేతులు కడుక్కోకుండా గుర్రాన్ని తాకకూడదు.

ఆ అమ్మాయి పదో తరగతి. లెక్కల్లో అందరికంటే ముందుండేది, అందుకే గుర్రం మీదా ఎక్కువగా తనే కనిపించేది. చదువు మాన్పిద్దామా వద్దా అని తల్లి ఊగిసలాడుతోందని నాకు తెలుసు.

ఒక సాయంత్రం, మాకు బల్లలు ఇప్పిస్తామన్న పెద్దమనుషులు వచ్చారు. వెళ్లే తొందరలో ఉన్నారు. ఆ అమ్మాయి అప్పుడే పని నుంచి వచ్చింది. ఫొటో కోసం గుర్రం మొహం నిమురుతూ నిలబడమన్నాను.

"కాయల్లోంచి వస్తున్నానండి, చేతులు కడుక్కొస్తాను," అంది.

"తర్వాత కడుక్కోవచ్చులే, ముందు నిలబడు," అన్నాను.

ఆమె అరచెయ్యి గుర్రం కంటి మీదుగా జారింది. అది తల విదిలించి వెనక్కాళ్ల మీద లేచింది. ఆ వచ్చినవాళ్లలో పక్కనే నిలబడ్డ పెద్దాయన పడ్డాడు, మణికట్టు విరిగింది. గుర్రాలాయన పరిగెత్తుకొచ్చి, దాని కళ్లు నీళ్లతో కడుగుతూ, ఎవరు చేతులు కడుక్కోలేదని అరిచాడు. అందరూ నా వైపు చూశారు.

"నేను చెప్పానండి, పిల్ల వినలేదు."

ఆ అమ్మాయి నన్ను చూసింది. సారు మాటకు ఎదురు చెప్పకూడదని వాళ్లకు నేర్పింది నేనే.

మాట వినని పిల్లకి చదువేంటని తల్లి మర్నాడే మాన్పించి, తనతోపాటు పనిలో కూర్చోబెట్టింది. నేను వాళ్లింటికి వెళ్లలేదు. బల్లలు మాత్రం వచ్చాయి.

ఈ ఏడు మళ్లీ ఆ కథ చెబుతుంటే, ముందు బల్ల మీది చిన్నపిల్ల, "ఆమె మా పిన్నండి," అంది. మిగతా పిల్లలు నవ్వారు. నేను కథ పూర్తి చెయ్యలేకపోయాను.

మర్నాడు వాళ్లు పనిచేసే మిరపకాయల కోల్డ్ స్టోరేజీ షెడ్డుకు వెళ్లాను. తల్లి పక్కనే కూర్చుని ఆ అమ్మాయి తొడిమలు తీస్తోంది. ఇవతలికి పిలిచి, ఆ రోజు తప్పు నాదేనని చెప్పాను.

"అది నాకు తెలుసు కదండీ. తెలియంది మా అమ్మకి," అంది.

అక్కడున్న ఆడవాళ్లందరి ముందూ తల్లికి జరిగింది చెప్పాను. ఘాటుకు దగ్గొచ్చి మధ్యలో ఆగాల్సి వచ్చింది. ఆవిడ చేతిలోని కాయకు తొడిమ తీసి గుట్టలో వేసింది.

"ఆ రోజే చెప్తే సరిపోయేది కదయ్యా," అంది.

తర్వాత కూతురి చెంప మీద చెయ్యి వెయ్యబోయి, తన అరచెయ్యి చూసుకుని ఆగిపోయింది.