పంచాంగాల వెనక పెట్టిన పుస్తకం

వచ్చే సోమవారం నర్స్ ప్రాక్టీషనర్ పీజీలో చేరుతున్నాను. కోచింగ్ లేకుండా, పద్మారావు నగర్‌లోని మా గ్రంథాలయంలో కూర్చుని చదివి సీటు తెచ్చుకున్నానని వార్డంతా గొప్పగా చెప్పుకున్నాను.

చెప్పనిది ఒకటుంది. ఐసీయూ వైద్యం మీద అక్కడ ఒకే ఒక మంచి పుస్తకం ఉంది. దాన్ని ఇంటికివ్వరు. అందుకని రోజూ చదవడం అయ్యాక జ్యోతిషం అరలో, పాత పంచాంగాల వెనక పెట్టి వచ్చేదాన్ని. నాతో డ్యూటీ చేసే బోయిగూడ అమ్మాయి కూడా అదే పరీక్ష రాస్తోందని నాకు తెలుసు.

నిన్న నా చివరి డ్యూటీ. ఆ అమ్మాయి మిఠాయి డబ్బా తెచ్చింది.

"నాకైతే రాలే, నీకన్న వచ్చింది కదక్కా. ఆ పుస్తకం కోసం వారం తిరిగిన. ఎవడో కొట్టేసిండంట, లైబ్రరీ సార్ సుత పరేషాన్."

"ఎవడో కాదు. నేనే దాచాను."

"జెర జోకులాపక్కా," అని నవ్వింది. నా ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది. "నాకొక మాట చెప్తే అయిపోతుండె గదా. ఇద్దరం కూసొని చదువుకుందుము."

డబ్బా నా చేతిలోనే వదిలి, పేషెంటు పిలిస్తే వెళ్లిపోయింది.

ఈ ఉదయం ఆ పుస్తకం తీసి గ్రంథపాలకుడి బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు. సొరుగులోంచి ఒక చీటీ తీశారు.

"దొరికితే చెప్పమని బోయిగూడ నుంచొచ్చే ఒకమ్మాయి నంబరిచ్చిందమ్మా. మీరే ఫోన్ చేయండి."

మధ్యాహ్నం దాటింది. ఇంకా చేయలేదు.