ఉత్తరానికి తలుపు

తాల్దీ-కెచూ అనే కొండ ఊరి బడిలో బాయిలరుకి బొగ్గు వేసే బూరుల్‌కి మనుషుల మీద పెద్దగా గౌరవం లేదు. గొర్రెల మీద కొంచెం ఉండేది. గుర్రాల మీద బాగానే ఉండేది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా, తలకి బూడిదరంగు గుడ్డ కట్టుకుని తిరిగేది. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ల మొహం చూడకుండా వాళ్ల వెనకున్న ఆకాశం చూసేది.

అది పాత అలవాటు. పందొమ్మిదో ఏట నుంచి ముప్ఫై ఏడో ఏట దాకా ఆమె పనే అది. పైన కనుమ దగ్గర, మూడున్నర వేల మీటర్ల ఎత్తున, వాతావరణ కేంద్రం ఒకటి ఉండేది. మూడు గంటలకోసారి బయటికి వెళ్లి చలి, గాలి, మబ్బు, మంచు చూసి పుస్తకంలో రాసేది. మొగుడు ఒమురాలీ ఆ అంకెల్ని రేడియోలో కిందికి చదివేవాడు. తర్వాత పాత దేశం ముక్కలైంది, కేంద్రం మూతబడింది, ఒమురాలీ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. బూరుల్ కొండ దిగి వచ్చి పార పట్టుకుంది.

"ఆకాశంలోంచి తిన్నగా బాయిలరు గదిలో పడ్డావు ఎజే" అని ఊళ్లో ఎవరైనా అక్క వరస కలిపి హాస్యమాడితే, "బొగ్గు వేస్తే బాయిలరు వేడెక్కుతుంది, వెయ్యకపోతే చల్లారుతుంది. ఈ ఊళ్లో ఆ మాత్రం నికరంగా ఉండే మనిషిని ఒక్కణ్ని చూపించు" అనేది.

బడి డైరెక్టరు షేయ్షెనాలీ ఆమెకంటే పదేళ్లు చిన్న. ముక్కు కారుతూ వీధిలో తిరిగిన రోజుల నుంచి ఆమె ఎరుగును. ఇప్పుడు తెల్ల చొక్కా, మెడకి టై, మాటకి ముందు ఒక దగ్గు. ఆ ఏడు చలికాలం చివర్లో జిల్లా నుంచి కబురొచ్చింది. ప్రతి బడీ ఆరుబయట ఒక సైన్సు తోట కట్టాలి, పిల్లలు గోడల మధ్య కాకుండా ఎండలో, గాలిలో సైన్సు నేర్చుకోవాలి, మే నెలలో కమిటీ వచ్చి చూస్తుంది, గెలిచిన బడికి బహుమతి. షేయ్షెనాలీకి ఆ రోజు నుంచి కంటిమీద కునుకు లేదు. అషార్ పిలిచాడు. ఇంటికొక మనిషి వచ్చి చెయ్యి వేయాలన్నమాట. మగవాళ్లు పారలతో వచ్చారు, ఆడవాళ్లు పిండి బిళ్లల బోర్సోక్‌లు వేయించి గుడ్డల్లో మూటగట్టి తెచ్చారు.

రెండు నెలల్లో తోట లేచింది. గేటు దగ్గర టైర్లు కోసి చేసిన హంసలు రెండు. ఇనప కడ్డీల మీద సిమెంటు గ్రహాలు ఎనిమిది. శనిగ్రహానికి చుట్టూ ఆడపిల్లలు నడుముకి తిప్పుకునే ప్లాస్టిక్ చక్రం. పూలమళ్లలో పూలు కూడా ప్లాస్టిక్కే, ఎందుకంటే మే నాటికి అక్కడ నిజం పువ్వు పూయదు. వీటన్నిటికీ షేయ్షెనాలీ తన చేత్తో రంగు వేశాడు. భుజం పట్టేసినా ఆపలేదు. సాయంత్రాలు మోకాళ్ల మీద కూచుని, నాలుక కొస బయటపెట్టి, బృహస్పతికి చారలు గీస్తుంటే బూరుల్ బొగ్గు గది గుమ్మంలోంచి చూసేది. సోమరి అయితే ఆమె క్షమించేదేమో. ఇంత కష్టపడి ఇంత పనికిమాలిన పని చేసేవాణ్ని ఏమనాలో ఆమెకి తోచలేదు.

అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. నీడగడియారం ఒకటి కావాలన్నాడు. బడి వెనక పాత నాయకుడి విగ్రహం పీకేసిన గుండ్రటి దిమ్మె ఒకటి ఉంది, దాని మీదే అంకెలు వేయించి నడిమధ్య కడ్డీ పాతించాడు. దిమ్మె చుట్టూ ముప్ఫై ఏళ్ల నాటి దేవదారు చెట్లు. సాయంత్రం నాలుగు దాటితే గాని అక్కడికి ఎండ రాదు. వాతావరణం చూసే తెల్ల చెక్కపెట్టెనేమో, గాలి ఆడే వాలు పలకలతో వడ్రంగి చేత అందంగానే చేయించి, తెచ్చి దక్షిణపు గోడకి ఆనించి పెట్టాడు. తలుపు గేటు వైపు. అంటే పొద్దస్తమానం సూర్యుడి మొహంలోకి.

బూరుల్ పార గోడకి ఆనించి బయటికి వచ్చింది.

"డైరెక్టర్ అగాయ్" అంది, పిల్లలు మేష్టారుని పిలిచినట్టు. "ఎండ కావలసినదాన్ని నీడలో పెట్టావు, నీడ కావలసినదాన్ని ఎండలో పెట్టావు. ఇంత కచ్చితంగా తప్పు చెయ్యాలంటే చాలా చదువు చదవాలి."

"ఫోటోలో పడాలి కదా ఎజే" అన్నాడు షేయ్షెనాలీ, చేతి రంగు తుడుచుకుంటూ. "వచ్చేవాళ్లు గేటులోంచి వస్తారు."

"సూర్యుడు గేటులోంచి రాడు. పెట్టె గోడకి దూరంగా, గడ్డి మీద ఉండాలి. తలుపు ఉత్తరానికి ఉండాలి. తలుపు తీసినప్పుడు లోపలి థర్మామీటరు మీద ఎండ పడితే అది గాలిని కొలవదు, నీ తెలివిని కొలుస్తుంది."

పని చేస్తున్న మగవాళ్లు నవ్వారు. షేయ్షెనాలీ మొహం ఎర్రబడింది.

"మీరు కొండమీద ఉన్నది ఎప్పటి మాట ఎజే! ఇప్పుడు ఫోనులోనే అన్నీ వస్తాయి. మీ బొగ్గు మీరు చూసుకోండి."

"చూసుకుంటాను. అది తిరిగి నా మొహం చూడదు, అదొక సుఖం" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మూడో తరగతి పిల్లలకి ఐజిరెక్ అనే కుర్ర టీచరు రోజూ మధ్యాహ్నం థర్మామీటరు చూపించి గోడమీది పట్టికలో అంకె రాయించేది. మొదటి రోజు ముప్ఫై తొమ్మిది వచ్చింది. పిల్లలు ఉన్ని టోపీలు పెట్టుకుని నిలబడి ఆ అంకె చదివారు. ఐజిరెక్ వెళ్లి డైరెక్టరుని అడిగితే, ఫోనులో ఎంతుందో అదే రాయించమన్నాడు. ఆ తర్వాత రోజూ పిల్లలు పెట్టె దగ్గరికి వరసగా వెళ్లేవాళ్లు, తలుపు తీసేవాళ్లు, వేసేవాళ్లు, వచ్చి ఫోను చూసి రాసేవాళ్లు. కిటికీలోంచి చూసిన బూరుల్‌కి ఒళ్లు మండిపోయింది. హంసలకి నవ్వింది, చారలకి నవ్వింది. దీనికి మాత్రం నవ్వు రాలేదు.

మే నెలాఖరున కమిటీ వచ్చింది. ఇద్దరు మగవాళ్లు, ఒక పెద్దావిడ. గ్రహాల దగ్గర ఫోటోలు దిగారు, పులిసిన గుర్రప్పాల కుమిస్ తాగారు, హంసల్ని మెచ్చుకున్నారు. చివరికి తెల్లపెట్టె దగ్గరికి వచ్చారు. అంకె చదివి చెప్పడానికి నూరాయిమ్ అనే తొమ్మిదేళ్ల పిల్లని నిలబెట్టారు. రెండు పెద్ద తెల్ల రిబ్బన్లు, వాటి మధ్య చిన్న మొహం. ఫోనులో చూసి పెట్టుకున్న పంతొమ్మిదే చెప్పాలని ముందే నేర్పారు. ఆ పిల్ల తలుపు తీసింది, చూసింది, మళ్లీ చూసింది.

"నలభై మూడు" అంది.

షేయ్షెనాలీ దగ్గి నవ్వాడు. "పిల్ల కంగారు పడింది. ఇంకా సరిగ్గా చదవడం రాదు. చెప్పమ్మా, పంతొమ్మిది కదూ?"

నూరాయిమ్ కళ్లలో నీళ్లు నిండాయి. "నలభై మూడే ఉంది అగాయ్" అంది.

బూరుల్ బాయిలరు గదికి సున్నం వేస్తోంది ఆ పూట. చేతుల నిండా సున్నంతో అలాగే నడిచి వచ్చింది. వాళ్లు దారి ఇచ్చారు, బట్టలకి అంటుతుందని. థర్మామీటరుకేసి ఒకసారి వంగి చూసింది.

"పిల్ల సరిగ్గానే చదివింది. ఇక్కడ చదవడం వచ్చినది ఇదొక్కతే. పెట్టె అబద్ధం, పెట్టినవాడు మూర్ఖుడు, చూసి మెచ్చుకుంటున్న మీరు..." అని ఆగి ముగ్గురినీ పైనుంచి కిందిదాకా చూసింది. "కుమిస్ బాగుందా?"

పెద్దావిడ, "ఎవరీవిడ?" అని అడిగింది. "బొగ్గు వేసే మనిషండీ. కొంచెం..." అని షేయ్షెనాలీ కణత దగ్గర వేలు తిప్పాడు.

బడికి రెండో బహుమతి వచ్చింది. కాగితం మీద 'అందమైన అమరికకి' అని రాసి ఉంది. బూరుల్ దాన్ని వరండాలో గాజు పలక వెనక చూసి పగలబడి నవ్వింది. ఊళ్లో అందరికీ చెప్పింది.

వేసవిలో షేయ్షెనాలీ చెల్లెలి గుడారానికి, పైన మేత మైదానాలకి వెళ్లాడు. బడికి కాపలా బూరుల్. జూన్‌లో ఒక పొద్దున ఐజిరెక్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, పెద్దమ్మా అన్నట్టు ఆపా అని పిలిచింది.

"ఆపా, పెట్టెని సరైన చోట పెట్టాలంటే ఎక్కడ పెట్టాలి?"

"ఎందుకు? నీ ఫోను పాడైందా?"

ఐజిరెక్ సిగ్గుపడింది గాని కదల్లేదు. "ఆ రోజు నేనే మాట్లాడి ఉండాల్సింది. నోరు రాలేదు."

"రాదు. జీతం తీసుకునే నోళ్లు అలాగే ఉంటాయి" అని బూరుల్ గడ్డపలుగు అందుకుంది.

బడి పక్కన బంగాళదుంపల మడి దాటాక ఖాళీ గడ్డినేల ఉంది. నాలుగు గుంటలు తవ్వి పెట్టెని అక్కడ నిలబెట్టారు, తలుపు ఉత్తరానికి. నూరాయిమ్, ఇంకో అయిదారుగురు పిల్లలు వచ్చి చేరారు. ఎక్కి చూడడానికి మెట్లు చేశారు. మెట్లు పెట్టె కాళ్లకి తగలకూడదని, తగిలితే లోపల పాదరసం అదురుతుందని బూరుల్ రెండుసార్లు ఊడదీయించింది. మైదానంలో ఒక కర్ర పాతి, గంటగంటకీ నీడ కొస దగ్గర గులకరాయి పెట్టించింది. వాన కొలిచే డబ్బా పెట్టారు. మంచు లోతు కొలవడానికి గీతలు గీసిన గుంజ పాతారు. ప్రేమగా ఒక్క మాట లేదు. "మబ్బుని చూడమంటే నన్ను చూస్తావేం, నా మొహం మీద వాన పడుతుందా?" అనేది. పిల్లలు కిసుక్కున నవ్వి మబ్బుని చూసేవాళ్లు. ఆ తిట్ల కోసమే వచ్చేవాళ్లేమో కూడా.

సెప్టెంబరులో షేయ్షెనాలీ వచ్చి ఖాళీ గోడ చూసి కేకలేశాడు. తర్వాత వడ్రంగి చేత ఇంకో పెట్టె చేయించి పాత చోటనే పెట్టించాడు. లోపల ఏమీ లేదు. రెండు పెట్టెలూ ఉన్నాయి గనక ఇద్దరికీ గొడవ లేకుండా పోయింది. ఫోటోలకి ఒకటి, చూడడానికి ఒకటి.

డిసెంబరులో రెండు రోజులు ఎడతెగని మంచుతుఫాను పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చింది. నూరాయిమ్ పుస్తకం పట్టుకుని బాయిలరు గదిలోకి వచ్చింది. ఆ వారం చూసి రాయడం ఆమె వంతు. మధ్యాహ్నం రెండింటి వరసలో రాసి ఉంది: సున్నాకి కింద పదిహేడు పాయింటు ఆరు.

బూరుల్ అంకె చూసి, కిటికీ దగ్గరికి వెళ్లింది. మడి అవతల పెట్టె చుట్టూ మంచు మోకాలి లోతు పేరుకుని ఉంది. నున్నగా, పాలమీగడలా. ఒక్క అడుగు పడలేదు.

"ఎగిరి వెళ్లావా?" అంది.

పిల్ల తల దించుకుంది. "చలిగా ఉంది ఆపా. నిన్న పదిహేడు ఉంది, ఇవాళ కూడా అంతే ఉంటుందనుకుని..."

"పాయింటు ఆరు ఎక్కడిది?"

"నిజంలా ఉంటుందని."

బూరుల్ నోటిదాకా వచ్చిన తిట్టు ఆగిపోయింది. పార కింద పెట్టి బొగ్గు బస్తా మీద కూచుంది.

"నేనూ రాశాను" అంది. "కనుమ మీద. నా కూతురికి ఏడాది, జ్వరం. బయట తుఫాను. మా గుమ్మం నుంచి పెట్టె దాకా కట్టిన తాడు తెగిపోయింది. వెళితే తిరిగి రాగలనో లేదో తెలీదు. ఇంట్లో కూచుని రాశాను, ఇరవై ఒకటి పాయింటు నాలుగు. మీ ఒమురాలీ తాత దాన్ని రేడియోలో చదివాడు. ఆయనకి కూడా చెప్పలేదు."

"తర్వాత ఏమైంది?"

"ఏం కాలేదు."

నూరాయిమ్ మొహం వికసించింది. "అయితే పరవాలేదుగా ఆపా!"

బూరుల్ ఆ పిల్లకేసి చూసింది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట చెబితే, దాన్ని పట్టుకుని ఇలా దాటేస్తోంది. చెంప మీద ఒకటి ఇద్దామనిపించింది. అంతలో నవ్వు వచ్చింది. అలాంటి నవ్వు తనకి ఉందని కూడా ఆమెకి గుర్తులేదు.

"పరవాలేదట! ఏమైనా అయ్యుంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఏమీ కాలేదు, ఎవరూ అడగలేదు. ఆ అంకె ఆ పుస్తకంలో అలాగే ఉంది, మిగతా వాటితో సమానంగా. దాన్ని తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది. తర్వాత ఎవర్ని చూసినా ఆ అసహ్యమే వేస్తుంది." లేచి తన ఉన్ని బూట్లు ఆ పిల్ల ముందు పడేసింది. "తొడుక్కో. కొట్టెయ్యి ఆ అంకె. కనబడేలా కొట్టెయ్యి, చెరపకు."

ఇద్దరూ మంచులో వెళ్లారు. ముందు బూరుల్, పారతో దారి చేస్తూ. వెనక తొడల దాకా బూట్లతో నూరాయిమ్. మెట్లు తవ్వి తీశారు. ఇరవై మూడు పాయింటు ఒకటి ఉంది.

నాలుగేళ్లలో ఏడు పుస్తకాలు నిండాయి. జిల్లా వాళ్లకి వాటి సంగతి తెలిసి ఫోటోలు తీసుకున్నారు. ఆ పేరు మీద షేయ్షెనాలీకి జిల్లాలో పెద్ద కుర్చీ దొరికింది. వీడ్కోలు సభలో "మనం కట్టిన సైన్సు తోట" అని మూడుసార్లు అన్నాడు. బూరుల్ వెనక వరసలో పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, "మూడోసారికి వాడే నమ్మేశాడు" అని పక్కావిడతో పైకే అంది.

ఆ వసంతంలో నూరాయిమ్ ఆ చిన్న బడి చదువు ముగించుకుని పై బడికి వెళ్లాలి. పుస్తకం రెండో తరగతి పిల్ల ఒకతెకి అప్పగించింది. బూరుల్ మడిలో దుంపలకి మట్టి ఎగదోస్తూ వింటోంది.

"అలా కిందినుంచి చూస్తారా? బుర్ర లేదా నీకు? మీ ఇంట్లో గొర్రెపిల్ల కూడా నీకంటే నయం" అంటోంది నూరాయిమ్, చేతులు నడుము మీద పెట్టుకుని.

ఆ చిన్నపిల్ల పెదవి వణికింది. బూరుల్‌కి ఆ గొంతు తెలుసు. ఇంకొకరి నోట్లోంచి వింటే చెవులకి ఏమాత్రం బాగాలేదు.

"ఏయ్" అంది గుద్దలి పక్కన పడేసి. "దాన్ని ఇంకో మెట్టు పైకి ఎక్కించు. అందక అలా చూస్తోంది."

నూరాయిమ్ వెనక్కి తిరిగి తెల్లబోయింది. బూరుల్ మట్టిచేతులు పావడాకి తుడుచుకుంటూ మడి దాటి వచ్చి, చిన్నపిల్ల నడుము పట్టుకుని పైమెట్టు మీద నిలబెట్టింది. మెట్లు పెట్టె కాళ్లకి తగలకుండా తన కాలితో సర్దింది.

"చూడు. తొందరేం లేదు" అంది.