మామగారి మానుకి కోడలి ఆకు

లేమాస్ ఆంబ్రిమ్ దీవి నుంచి సాంతో దీవి కొండల్లోని ఈ ఊరికి కోడలిగా వచ్చి ఏళ్లు గడిచినా, ఆడపడుచు ఎల్డా నోట ఇంకా "బూడిద పిల్ల"గానే ఉండిపోయింది. పుట్టిన దీవిలో అగ్నికొండ బూడిద కురుస్తుంది కదా, అందుకని ఆ ఎత్తిపొడుపు. లేమాస్ నవ్వేసి ఊరుకునేది. బూడిద కలిసిన వాననీళ్లు తాగి పెరిగిన మనిషి ఆమె. ఈ ఊరి అడవిలో ఊటనీళ్లు మొదటిసారి దోసిట పట్టి తాగినరోజు ఏడ్చేసింది.

అందుకే, కొండమీది అడవిని నరక్కుండా ఉంచితే ఏటా డబ్బిస్తామని సముద్రం అవతలివాళ్లు వచ్చినప్పుడు, అడవి కాపలాకి ముందుగా పేరిచ్చింది తనే. ఊరు మాత్రం పగలబడి నవ్వింది.

"పని చెయ్యకపోతే జీతమా? అయితే మా తమ్ముడికి ఈపాటికి బోలెడు బాకీ పడ్డారు!" అన్నాడు ఆమె మామగారు, ఊరిపెద్ద మోలి వారా.

మొదటి ఏటి డబ్బుతో బడికి రేకుల కప్పు పడ్డాక ఆ నవ్వులు ఆగాయి. రెండో ఏటి డబ్బుతో ఊట నుంచి ఇళ్ల దాకా గొట్టాలు వెయ్యాలి. ఒప్పందంలో ఒక్క మాట గట్టిగా ఉంది. కాపలా ఊరిదే, తప్పు చేసినవాణ్ణి దండించే బాధ్యతా ఊరిదే. అది జరక్కపోతే డబ్బు రాదు.

అలాంటిది మామగారే నరికాడు. మగాళ్లు చేరి మత్తెక్కించే కావా వేరు రసం తాగే సావిడికి నడిమి నిట్టాడు పుచ్చిపోయింది. ఊట పైన పెరిగిన నతోరా మాను మీద ఆయన కన్ను పడింది. సావిడి కోసమేగా, ఎవరేమంటారు అనుకున్నాడు. నిజంగానే ఎవరూ కిక్కురుమనలేదు.

"మొదలు మీద అరటాకులు కప్పేద్దాం. వచ్చినవాళ్లు పైపైన చూసి పోతారు," అన్నాడు లేమాస్ భర్త జోనా.

"మొదలు కప్పుతావు సరే. రేపు సావిడి మధ్యలో నిలబెట్టబోయే మానుని ఏ ఆకుతో కప్పుతావు?"

"అంత దమ్ముంటే మా నాన్నతోనే చెప్పు."

చెప్పలేదు. కోడలు మామగారి పేరు పలకకూడదు, ఆయన మాటకి ఎదురాడకూడదు. లేమాస్ ఏనాడూ ఆ మర్యాద తప్పలేదు. ఇప్పుడూ తప్పలేదు. నోరు మెదపకుండానే పని కానిచ్చింది.

మర్నాడు పొద్దున్న మోలి వారా మనుషుల్నీ తాళ్లనీ వెంటబెట్టుకుని కొండెక్కేసరికి, పడిన మాను పక్కన నమేలె ఆకు పాతి ఉంది. ఆ ఆకు పాతిన చోట ఎవరూ ఏదీ ముట్టకూడదు. తియ్యాలంటే తప్పు చేసినవాడు పందినివ్వాలి. పాతింది ఆడదా మగాడా అన్న పట్టింపు లేదు.

"ఎవరిదీ ఆకు?" అని ఉరిమాడు పెద్దాయన.

వెనక తలవంచుకుని నిలబడ్డ లేమాస్ చెయ్యెత్తింది.

"బూడిద పిల్లకి ఎంత పొగరో! పీకి అవతల పారెయ్ నాన్నా!" అంది ఎల్డా.

మోలి వారా ఆకు దాకా నడిచాడు. ఆయన గానీ దాన్ని పీకాడా, డబ్బు ఎలాగూ పోతుంది, ఇక ఈ అడవిలో లేమాస్ మాటని కుక్క కూడా లెక్కచెయ్యదు. పెద్దాయన ఆకు ముందు ఆగి వెనక్కి తిరిగాడు.

"నువ్వు నోర్ముయ్యవే," అన్నాడు కూతురితో. "మా తాత పాతిన ఆకుని తెల్లదొరే దాటలేదు. నేను దాటి పరువు తీసుకోనా?"

విసవిసా కొండ దిగి వెళ్లి, కోరలు గుండ్రంగా తిరిగిన తన పందిని తోలుకొచ్చాడు. అలాంటి కోరల పంది ఊళ్లో అదొక్కటే. తాడు కోడలి చేతికిచ్చాడు. ఆమె ఆకు తీసేసింది. మాను ఇక ఆయనదే, కావాలంటే పట్టుకెళ్లొచ్చు.

"అక్కడే ఉండనీ. పుట్టగొడుగులు మొలుస్తాయి," అని దిగిపోయాడు.

డబ్బిచ్చేవాళ్లు అడవి చూడ్డానికొచ్చినరోజు జోనా వాళ్లని వేరే దారి పట్టించబోయాడు. పెద్దాయన కేకేసి ఆపి, తిన్నగా ఆ మొదలు దగ్గరికే తీసుకెళ్లాడు.

"ఇది నేనే నరికాను. దండుగ కింద నా కోరల పంది పోయింది. సావిడి కర్రల పోటుతో నిలబడింది."

వాళ్లు తెల్లబోయారు. "ఊరిపెద్దకే దండుగా? ఎవరు వేశారు?"

మోలి వారా వెనక్కి తిరిగి, తలవంచుకుని నిలబడ్డ కోడలిని చూపించాడు.

"ఇదిగో, మా బూడిద పిల్ల!" అన్నాడు, మీసం మెలేసినంత గర్వంగా.