ముడి లేని కుట్టు

“ఆ మ్యూజియం సంచి నువ్వు కుట్టొద్దు,” అంది అత్తగారు.

జిప్పులమ్మ తల ఎత్తలేదు. ఒళ్లో ఉన్న స్కూలు బ్యాగుకు చెడిపోయిన జిప్పు ఊడదీస్తోంది. పదమూడేళ్లుగా ఆ ఇంటి ముందుగదిలో కూర్చుని ఊరందరి సంచులకూ జిప్పులు మార్చగా మార్చగా ఆమెకు ఆ పేరు స్థిరపడింది. సొంత పేరుతో పిలిస్తే వెంటనే పలకదు కూడా.

“ఎందుకొద్దు అత్తయ్యా?”

“వద్దన్నానుగా.”

“మీకు కళ్లు కనబడ్డం లేదని నన్నూ కుట్టొద్దంటే ఎలా?”

ఆ ఎత్తిపొడుపుకు అత్తగారు జవాబు చెప్పలేదు. మామూలుగా అయితే ఒకటికి నాలుగు అంటించేది. జిప్పులమ్మకు మొదట అనుమానం వచ్చింది అక్కడే.

మ్యూజియంలో మూడువందల ఏళ్లనాటి తోలుసంచి ఒకటి ఉంది. గుప్పెడంత ఉంటుంది. పూర్వం ప్రయాణాలు చేసేవాళ్లు నడుం పట్టీకి తగిలించుకునేది. అద్దాల పెట్టెలో ఉన్నదాన్ని పిల్లలు ముట్టుకోవడానికి వీల్లేదు కనుక, వాళ్ల చేతికివ్వడానికి అచ్చం అలాంటిదే చేతికుట్టుతో కావాలని మ్యూజియంవాళ్లు కబురు చేశారు. పని కుదిరితే అక్కడి మరమ్మతుల గదిలో ఉద్యోగమిస్తామన్నారు. ఆ ఉద్యోగం ఇరవయ్యారేళ్లు చేసింది అత్తగారే. చూపు మసకబారి ఆమె మానేసిన దగ్గర్నుంచీ ఆ గదికి తాళం. జిప్పులమ్మకు ఆ గది కావాలి. అక్కడ అసలైన తోలు ఉంటుంది, రోజంతా వెలుతురు వచ్చే పెద్ద కిటికీ ఉంటుంది. సాయంత్రానికల్లా కావాలని గుమ్మంలో నిలబడి సణిగేవాళ్లు ఉండరు.

కొలతలు తీసుకోవడానికి వెళ్లిన రోజు మ్యూజియం అధికారిణి బల్లకు అటువైపు కుర్చీ వేసుకుని కూర్చుంది. తొడుక్కోవడానికి పల్చటి గ్లవుజులిచ్చింది.

“పైన ఎంతసేపైనా చూసుకోండి. మూత మాత్రం ఎత్తకండి, తోలు విరుగుతుంది.”

జిప్పులమ్మ టేపు ఆనించి కాగితం మీద గీసుకుంది. అంగుళానికి తొమ్మిది కుట్లు. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులెక్కించి, ప్రతి బెజ్జంలోంచీ ఇటొకటి అటొకటి దూర్చి కుట్టిన సంచి అది. కుట్లన్నీ కొద్దిగా ఎడమకు వాలి ఉన్నాయి. మూల తిరిగేచోట రెండు పొట్టికుట్లు.

ఆమె చెయ్యి ఆగింది. మూలలో రెండు పొట్టికుట్లు వెయ్యమని మోకాలి మీద స్కేలుతో కొట్టి మరీ నేర్పిన మనిషి ఇంట్లోనే ఉంది. ఆవిడది ఎడమచేతి వాటం. ఎదురుగా కూర్చుని నేర్చుకోవడంతో, కుడిచేత్తో కుట్టే జిప్పులమ్మకూ ఆ వాలే అలవాటైంది. కానీ అత్తగారికి మూడువందల ఏళ్లు లేవు. డెబ్బై ఒకటి.

“తేడా ఏమైనా ఉందా?” అధికారిణి అడిగింది.

“లేదు మేడం. పని బాగుంది.”

“అవును, చాలా బాగుంది,” అంది అధికారిణి. ఆమె చూస్తున్నది సంచిని కాదు, జిప్పులమ్మ చేతుల్ని.

ఆ సాయంత్రం మైనం ముద్ద మీద దారం లాగుతూ జిప్పులమ్మ మాట కదిపింది.

“అత్తయ్యా, ఆ సంచి మీరెప్పుడైనా ముట్టుకున్నారా?”

“మ్యూజియంలో నేను ముట్టుకోనిదేముంది? దుమ్ము దులపడానికి దొరలెవరూ రాలేదులే.”

“కుట్టు మీ కుట్టులానే ఉంది.”

“మంచి కుట్లన్నీ ఒకేలా ఉంటాయి,” అని అత్తగారు అటు తిరిగి పడుకుంది. ఇంకా దీపాలు పెట్టలేదు. ఆవిడ ఆ వేళప్పుడు పడుకోగా జిప్పులమ్మ ఎన్నడూ చూడలేదు.

తర్వాత చూసిందల్లా సాక్ష్యంలాగే కనబడింది. పెట్టెలోది అత్తయ్య కుట్టిందే అయితే అసలు సంచి ఏమైంది? ఎవరికి అమ్మేసి ఉంటుంది? భర్తను కదిపింది.

“మన ఇంటికి రేకులు ఎప్పుడు వేయించారు?”

“నేను ఐదో క్లాసులో ఉన్నప్పుడు. ఏం, కారుతోందా?”

“మావయ్యగారికి పనే లేదంటారుగా అప్పుడు. ఎలా వేయించారు?”

“అమ్మనడుగు. పడుకునేటప్పుడు రేకుల గొడవేంటే నీకు?”

పదకొండు రోజులు కుట్టింది. తోలును కదలకుండా పట్టే చెక్కపట్టును మోకాళ్ల మధ్య బిగించి, మొనదేలిన ఆరెతో బెజ్జాలు పొడుస్తూ, మధ్యమధ్య అత్తగారి వైపు చూస్తూ.

“దారం అంత బిగించకు,” అనేది అత్తగారు మంచం మీంచి.

“కనబడ్డం లేదన్నారుగా?”

“వినబడుతోంది. నన్ను చూస్తూ కుడితే వేలు పొడుచుకుంటావు.”

లోపల కుట్టు ఎలా ముగిసిందో చూడనివ్వలేదు కనుక తనకొచ్చిన పద్ధతిలోనే ముగించింది. ముడి వెయ్యలేదు. దారం కొసలు రెంటినీ మూడు కుట్ల కిందుగా వెనక్కి తీసి తోలు పొరలోకి దోపింది. సంచిలో చూడకుండా చెయ్యి పెడతాం, ముడి ఉంటే గోరుకు తగులుతుందని అత్తగారి వాదం.

అధికారిణి కొత్త సంచిని అందుకుని ముందువైపు చూడనేలేదు. నేరుగా లోపలిభాగం బయటికి తిప్పింది. భూతద్దం పెట్టి చూసి, బల్ల సొరుగులోంచి ఒక ఫొటో తీసి పక్కన పెట్టింది.

“పాతదాని లోపలి ఫొటో ఇది. సన్నగొట్టం కెమెరాతో తీయించాం. పైకుట్టు చూసి కుట్టారు, సరే. ఇది దేన్ని చూసి కుట్టారు?”

ఫొటోలో కొసలు మూడు కుట్ల కిందుగా వెళ్లి పొరలో మాయమయ్యాయి.

“మా దగ్గరున్న పాత తోలు సామాను అంతటికీ ముడులున్నాయి. దీనికొక్కదానికే లేవు. ఇది ఎవరి చెయ్యా అని రెండేళ్లుగా చూస్తున్నాను. ఎవరు నేర్పారు మీకు?”

మ్యూజియం కబురు తనకు తప్ప ఊళ్లో ఇంకెవరికీ ఎందుకు రాలేదో జిప్పులమ్మకు అప్పుడర్థమైంది. ఏదో పుస్తకంలో చూశానంటే అత్తగారి పేరు నిలబడవచ్చు, ఆ గదీ దక్కవచ్చు. కానీ అసలు సంచి ఏమైందో తెలియకుండా ఆ గదిలో రోజూ ఎలా కూర్చోవడం?

“మా అత్తయ్య,” అంది. “రేపు తీసుకొస్తాను.”

ఇంటికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

“చెప్పేశాను అత్తయ్యా.”

“తెలుస్తూనే ఉంది. గొళ్లెం పెట్టడం మర్చిపోయావు.”

“ఎవరికమ్మారు?”

అత్తగారు లేచి కూర్చుంది. “అమ్మడమా?” అంది. “ఓహో, రేకులా? నువ్వడిగావని అబ్బాయి చెప్పాడులే. అవి మా అన్నయ్య పంపాడు, తన పాత కొట్టు మీంచి విప్పినవి. ఇదా ఇన్నాళ్లూ నువ్వు కుట్టింది,” అంది.

తర్వాత మెల్లగా చెప్పింది. పనిలో చేరిన రెండో ఏడు. మరమ్మతుల గది కురిసి సంచి నానింది. తడిసిన తోలును ఎండలో పెట్టకూడదని నిన్న చేరిన పిల్లకైనా తెలుసు. అప్పటి అధికారి ఊరి నుంచి వచ్చేలోగా ఆరిపోవాలని ఆవిడ కిటికీ ఎండలో పెట్టింది. మధ్యాహ్నానికి ఎండుబెరడులా బిగుసుకుని, ఎత్తబోతే ముక్కలైంది. తొమ్మిది రోజుల్లో ఇంకొకటి కుట్టి, పాత ఇత్తడి బకిల్ దానికే తగిలించి పెట్టెలో పెట్టేసింది.

“పాతదానికి ముడులున్నాయా?”

“రెండు. కందిగింజంతేసి.”

“మరి మీరెందుకు వెయ్యలేదు?”

“వెయ్యబోయాను. చెయ్యి రాలేదు. అంత మొరటు పని నా చేత్తో ఎలా చెయ్యను?”

“సంచి మార్చెయ్యడం మొరటు కాదు, ముడి వెయ్యడం మొరటా?”

“ముక్కలు ఆ గదిలోనే ఉన్నాయి,” అంది అత్తగారు. “అడుగు అరలో, పనికిరాని తోలని రాసిన డబ్బాలో. ఒక్క పోగు గుమ్మం దాటించలేదు. చేతకానిదాన్నని అను, పడతాను. దొంగనంటే మాత్రం ఊరుకోను.”

మర్నాడు అధికారిణి తాళం తీయించింది. డబ్బా అక్కడే ఉంది. ముక్కల్ని తెల్లకాగితం మీద ఒక్కొక్కటే పేర్చి చూసింది. రెండు ముడులూ ఉన్నాయి.

“అన్నీ ఇవేనా?” అంది అత్తగారితో.

“రాలిన పొడి ఉండదు. మిగతావన్నీ అవే.”

అధికారిణి నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. జిప్పులమ్మ వైపు తిరిగింది.

“ఉద్యోగం అని ఇప్పుడనలేను. వీటిని కూర్చే పని ఉంది, అది చెయ్యండి. గది తలుపు తెరిచే ఉంటుంది. ఎవరో ఒకరం ఎదురుగా కూర్చుంటాం. వెళ్లేటప్పుడు మీ సంచి వెతుకుతారు.”

జిప్పులమ్మ కిటికీ వైపు చూసింది. అద్దాలకు ఆరేళ్ల దుమ్ము.

“సరే మేడం. ముందు ఆ అద్దాలు తుడిపించండి.”

వెతకడం ఆ రోజే మొదలైంది. గేటు దగ్గర కాపలా మనిషి ఆమె సంచి తెరిచి, టేపు తీశాడు, గ్లవుజులు దులిపాడు, మైనం డబ్బా మూత తీసి వాసన చూశాడు. పక్కన అత్తగారు తన చేతిసంచి చాపింది.

“మీది అక్కర్లేదు పెద్దమ్మా.”

“చూడు. ఇరవయ్యారేళ్లలో ఒక్కరూ చూడలేదు.”

అతను మొహమాటంగా చెయ్యి పెట్టాడు. ఒక దువ్వెన, కళ్లద్దాలు, మడతపెట్టిన రుమాలు.

“ఏమీ లేదు పెద్దమ్మా.”

“గట్టిగా చెప్పు నాయనా. లోపలికి వినబడాలి.”

అతను జిప్పులమ్మ వైపు చూశాడు. ఆమె చెప్పమన్నట్టు తలూపింది.

“ఏమీ లేదు,” అన్నాడు ఈసారి గొంతు పెంచి.