ఇన్‌స్పెక్షన్ నడక

ఫిజియోథెరపిస్టుకు చూపించకముందే పిల్ల కాళ్లు బాగుచేసేసిన ఘనుణ్ణి ఎక్కడైనా చూశారా? లేకపోతే నన్ను చూడండి. పోయిన శనివారం హిందూపురంలో నా పరువు ఎట్లా పోయిందో చెబుతాను.

మా బడి పెనుకొండ పక్కన ఒక పల్లెలో. రెండో తరగతిలో భవ్య అని ఒక పిల్ల ఉంది. నడిస్తే పాదాలు రెండూ లోపలికి తిరిగి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. పరుగెత్తితే అప్పుడప్పుడు తన కాలు తనకే అడ్డమై పడుతుంది. పడినా ఏడవదు, దుమ్ము దులుపుకుని మళ్లీ పరుగే. భయపడేది వాళ్లవ్వ నరసమ్మ. "ఇంగ ఆటలు వద్దు సార్. కాలు ఇరిగితే ఎట్లా? కూచోబెట్టండి" అని తీర్పు చెప్పేసింది. అప్పట్నుంచి ఆటల పీరియడ్‌లో భవ్య అరుగు మీద కూర్చుని అందరి చెప్పులకూ కాపలా. నాకు మనసొప్పలేదు. "హిందూపురంలో పిల్లల కాళ్లు చూసే ఫిజియో మేడం ఉండాది. ఆమె ఆడొద్దంటే నేనూ నోరెత్తను" అని అవ్వను ఒప్పించాను.

ఇక్కడే నా పంతులు బుద్ధి లేచింది! పెద్ద సారెవరైనా ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నారంటే పిల్లల్ని తయారుచేయడం మాకు అలవాటు గదా. వారమంతా వరండాలో చాక్‌పీసుతో గీత గీసి, "భవ్యా, వేళ్లు ముందుకు! తల పైకి! మేడం ముందర మన బడి పేరు నిలబెట్టాల" అని నడిపించాను. ఎంత బాగా నేర్చుకుందో!

క్లినిక్‌లో మేడం, "ఏదీ బంగారూ, ఆ గోడ దాకా నడిచి రా" అంది. భవ్య లేచింది. అబ్బబ్బా, ఏం నడక! జెండా పండగ పరేడే. పాదాలు స్కేలు పెట్టి గీసినట్లు.

మేడం నా వైపు చూసింది. "ప్రాబ్లం ఏంది సార్?"

"పాదాలు లోపలికి తిరుగుతాయి మేడం."

"తిరగడం లేదే!"

"మామూలుగా నడువమ్మా" అన్నాను. పిల్ల తల ఇంకాస్త పైకెత్తింది. "తప్పుగా నడువు తల్లీ!" అని బతిమాలాను. నా సర్వీసులో ఒక పిల్లను తప్పు చేయమని బతిమాలడం అదే మొదలు.

"సార్ చెప్పినట్లే నడుస్తాండా కదా!" భవ్య కళ్లల్లో నీళ్లు.

"ఏం సార్, ఇంత దూరం బస్సులో తెచ్చి బిడ్డను ఏడిపిస్తాండారే!" అంది అవ్వ.

మేడంకు సంగతి అర్థమైంది. "సార్, మీరు కాసేపు బయట కూర్చోండి."

కిటికీలోంచి చూశాను. ఆమె రబ్బరు బంతి దొర్లించింది. పిల్ల దాని వెంట పడి నన్నూ గీతనూ మరిచిపోయింది. పాదాలు చక్కగా లోపలికి తిరిగాయి. నా ప్రాణం లేచొచ్చింది! తర్వాత పిల్లను బోర్లా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి, కాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి నన్ను లోపలికి పిలిచింది.

"తొడ ఎముక తుంటి దగ్గర కొంచెం లోపలికి తిరిగి ఉంది అవ్వా. చిన్న పిల్లల్లో చాలామందికి ఇట్లా ఉంటుంది. ఎదిగేకొద్దీ ఎక్కువమందికి అదే సర్దుకుంటుంది. కాళ్లు సరిచేసే బూట్లూ పట్టీలూ వద్దు. నొప్పి అన్నా, ఒక కాలే తేడాగా ఉన్నా, పడటం ఎక్కువైనా తీసుకురండి."

"మరి ఆటలు?" అని నేనే అడిగాను.

"ఆడనీయండి. పరుగెత్తితేనే కాళ్లకు బలం."

భవ్య నా వైపు కాదు, అవ్వ వైపే చూసింది. అవ్వ కొంగుతో పిల్ల ముక్కు తుడిచి, "పడితే నాకు చెప్పొద్దు. ఆడుకో పో" అంది.

వచ్చేటప్పుడు మేడం నాతో మెల్లగా ఒక మాట చెప్పింది. "మీరు చూస్తున్నారని తెలిస్తే ఈ బిడ్డ నడవదు సార్, పరీక్ష రాస్తుంది." పెనుకొండలో బస్సు దిగేదాకా ఆ మాటే చెవుల్లో. కథ చెప్పి నీతి చెప్పడం నా అలవాటు. ఈసారి నీతి నా ఒళ్లోనే వచ్చి పడింది.

సోమవారం ఆటల పీరియడ్. భవ్య గ్రౌండులోకి వచ్చింది, నన్ను చూసి టక్కున తల పైకెత్తింది. వేళ్లు ముందుకు! ఇంక చేసేదేముంది? గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక పరుగుల చప్పుడు మొదలైంది. ఎవరో దబ్బున పడ్డారు. మరుక్షణమే భవ్య నవ్వు వినిపించింది. మెడ తిప్పకుండా ఉండటం ఎంత కష్టమో!

ఒకటో తరగతి పాప ఒకతి వచ్చి నా చొక్కా లాగింది.

"పనిష్‌మెంటా సార్? ఏం తప్పు చేసినారు?"

"బాగా నేర్పించినాను తల్లీ."