విరుదునగర్‌లో కనిపించని బొమ్మలు

2004 జూన్‌లో నన్ను విరుదునగర్ ఉపాధ్యాయ శిక్షణ సంస్థ నుంచి కోవిల్‌పట్టిలోని ఒక బాలికల ఉన్నత పాఠశాలకు ఆరు నెలల డెప్యుటేషన్ మీద పంపారు. నా హోదా కంప్యూటర్ లెక్చరర్. అక్కడి టీచర్ల చేత విద్యార్థినుల పనిని వెబ్ పేజీలుగా కట్టించాలి. ఒక పిల్ల ఏడాది పొడవునా రాసినవి, గీసినవి, కుట్టినవి వరుసగా చూపే ఈ పేజీల కట్టను పోర్ట్‌ఫోలియో అనేవాళ్ళం.

బడిలో ఐదు కంప్యూటర్లు, ఒక స్కానర్ ఉండేవి. ఇంటర్నెట్ ఫోన్ లైను మీద వచ్చేది. హెడ్‌మిస్ట్రెస్ తన గదిలో ఫోన్ ఎత్తితే ఇక్కడ తెగిపోయేది. అందుకని పేజీలన్నీ కంప్యూటర్లోనే కట్టి, సీడీ మీదికి ఎక్కిద్దామన్నాను.

శిక్షణకు వచ్చినవాళ్ళలో పెద్దావిడ కుట్టు టీచరు రాజమ్మాళ్. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. మొదటి వారం మౌస్ ముట్టలేదు. బడిలో అందరం తమిళమే మాట్లాడేవాళ్ళం. ఒకరోజు నేను ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడుతుంటే విని, మాది ఏ ఊరో, ఎవరి వాళ్ళమో అడిగింది. ఆమెదీ తెలుగు ఇల్లే, దగ్గర్లోని నల్లరేగడి పల్లె. ఆనాటి నుంచి నేను తమ్ముణ్ణి, ఆవిడ అక్క. మౌస్ పట్టుకోమని బతిమాలితే, "కుట్టు మిసను నేను తొక్కితే పోతాది, ఆపితే నిలస్తాది. ఇది చెయ్యి పెట్టకముందే పరిగెత్తతా ఉండాది తమ్ముడా" అంది. మూడో వారానికల్లా ఆ బాణం గుర్తు ఆమె చెప్పిన చోట నిలబడింది.

నవంబర్‌లో విరుదునగర్‌లో ప్రదర్శన పెట్టారు. చూడవలసినవారు ముఖ్య విద్యాధికారి, అంటే జిల్లా బడులన్నిటికీ పై అధికారి. కోవిల్‌పట్టి పక్క జిల్లాదైనా, ఈ పని మాత్రం ఆయన కిందే నడిచేది. ఆయన బాగుందంటే మరుసటి ఏడు పని సాగుతుంది. లేదంటే ఆ ఐదు కంప్యూటర్లూ వేరే బడికి పోతాయి. నేనూ, రాజమ్మాళూ, ముగ్గురు తొమ్మిదో తరగతి పిల్లలూ సీడీ పట్టుకుని పొద్దున్నే బస్సెక్కాం. తొమ్మిదిన్నరకు హాల్లో ఉన్నాం. అధికారి పదకొండుకు వస్తారు.

సీడీ పెట్టి మొదటి పేజీ తెరిచాను. అక్షరాలు వచ్చాయి. బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ చట్రం, మూలన ఎర్ర ఇంటూ గుర్తు. రెండో పేజీ, మూడో పేజీ, తెరిచినవన్నీ అంతే.

తప్పు నాదే. పేజీలో బొమ్మ ఉండదు, బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. బొమ్మలను ఒక ఫోల్డర్లో, పేజీలను వేరే ఫోల్డర్లో పెట్టమని నేనే చెప్పాను. దాంతో అలా కట్టిన ప్రతి పేజీలోనూ కోవిల్‌పట్టి కంప్యూటర్ చిరునామా నిలిచిపోయింది. అక్కడున్నంతకాలం అన్నీ చక్కగా కనిపించాయి.

రాజమ్మాళ్ తన పేజీలు తెరవమంది. వాటిలో బొమ్మలన్నీ ఉన్నాయి! ఎలాగని అడిగాను.

"నువ్వు చెప్పినట్ల నేను చెయ్యలే తమ్ముడా, కోపం వద్దు. పిల్ల గుడ్డను ఇంట్ల పెట్టి సూది మట్టుం తెస్తే ఏం కుట్టేది? అందుకే బొమ్మలూ కాయితమూ ఒకే సంచిలో ఏసినా."

దారి దొరికింది. సీడీలోని బొమ్మలనూ పేజీలనూ అక్కడి కంప్యూటర్లలో ఒకే ఫోల్డర్లోకి తెచ్చాం. తర్వాత ఒక్కో పేజీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, బొమ్మ పేరుకు ముందున్న పాత చిరునామాను చెరిపేయాలి. అన్నిటినీ ఒకేసారి మార్చే సదుపాయం ఆ నోట్‌ప్యాడ్‌లో లేదు. ముగ్గురు పిల్లలూ మూడు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. రాజమ్మాళ్ వెనక నిలబడి, పేరు ముక్క తెగకుండా ముందుది మాత్రమే తియ్యమని తమిళంలో హెచ్చరిస్తూ ఒక్కో వరుసా చూసింది. అధికారి మెట్లెక్కేసరికి ఇంకా నాలుగు పేజీలు మిగిలాయి. వాటిని జాబితా చివరికి నెట్టేశాను.

ఆయన అంత దూరం వెళ్ళనే లేదు. మాతో వచ్చిన ముగ్గురిలో ఒకతె, రాజమ్మాళ్ విద్యార్థిని సెల్వి పేజీ దగ్గర ఆగిపోయారు. అందులో మొదటి బొమ్మ గుండీ పట్టే కాజాకు వేసిన వంకర టింకర కుట్టు. కింద 'జూలైలో కుట్టినది, తప్పు' అని ఉంది. ఇలాంటిది ఎందుకు పెట్టావని ఆయన అడిగారు. ఇది లేకపోతే అక్టోబర్‌ది బాగుందని మీకెలా తెలుస్తుంది సార్, అంది ఆ పిల్ల తమిళంలో. ఆయన నవ్వి, పక్కనున్న గుమాస్తాను రాసుకోమన్నారు.

కంప్యూటర్లు కోవిల్‌పట్టిలోనే ఉండిపోయాయి. మరుసటి ఏడు శిక్షకుల జాబితాలో రాజమ్మాళ్ పేరు చేర్చమని నేను రాసిచ్చాను, చేర్చారు. ఆ రోజు తిరుగు బస్సులో పిల్లలు మిగిలిన నాలుగు పేజీలు ఎవరివని పందెం వేసుకున్నారు. అందులో రెండు నేను కట్టిన నమూనా పేజీలేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. రాజమ్మాళ్ సాత్తూరు దాకా నవ్వింది.

ఆ తర్వాత పదేళ్ళు ఎక్కడ శిక్షణ ఇచ్చినా, పని పూర్తయిందని చెప్పేముందు ఫోల్డర్‌ను మోసుకెళ్ళి ఇంకో కంప్యూటర్లో తెరిచేవాణ్ణి. కట్టిన చోట కనిపించడం పరీక్ష కాదు. ఇంకొకటి, నా సూచన పాటించనివాళ్ళను మందలించే ముందు, ఎందుకు పాటించలేదో అడగడం అలవాటు చేసుకున్నాను.